కొమ్ముచెంబుతో అబ్దుల్లాపూర్‌మెట్ దాకా

దిల్‌సుఖ్‌నగర్

హోలీ వెళ్ళాక వచ్చే మొదటి గురువారం మా చలివేంద్రం తెరుచుకుంటుంది. విజయవాడ రోడ్డు మీద, అబ్దుల్లాపూర్‌మెట్ దాటిన తర్వాత, రేకుల కప్పు కింద తడి ఇసుకలో కూర్చోబెట్టిన కడవలు. ఆ పక్కన ఒకప్పుడు మా గడీ, దాని చుట్టూ మా భూములుండేవి. ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్ళున్నాయి. మా వంశానికి మిగిలింది ఆ కప్పు, మా తాత నాటి ఇత్తడి కొమ్ముచెంబు, ఏటా మొదటి నీళ్ళు మా ఇంటి చేయే పోయాలన్న హక్కు. ఆ హక్కును నేను ఏ ఏడూ వదులుకోలేదు.

ఆచారంలో నియమాలు రెండే. పోసేవాడు ఆ రోజు పొద్దు పొడిచినప్పటి నుంచి, మొదటి బాటసారి తాగేదాకా మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. కడుపునిండా తాగినవాడు పోస్తే ధార సన్నబడుతుందని మా తాత చెప్పేవాడు. రెండోది, ఆ మొదటి నీళ్ళు కాలినడకన వచ్చినవాడికే పోయాలి. బండి దిగినవాడికి కాదు, ఊరివాడికి కాదు. బస్సులొచ్చాక నడిచేవాళ్ళు కరువయ్యారు. కడవలు చూసుకునే మల్లమ్మ ఈ మధ్య ఏళ్ళలో బస్సు దిగిన ఎవరినో ఒకరిని బతిమాలి, కల్వర్టు దాకా పంపించి, మళ్ళీ నడిపించి తెచ్చేది.

ఆ ఏడు తెలంగాణ కోసం బంద్ సరిగ్గా దాని ముందు రోజు, బుధవారమే వచ్చింది. బస్సులు డిపోలు దాటలేదు. గురువారం కూడా బంద్ అని మధ్యాహ్నం టీవీలో చెప్పారు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లెక్కలు రాసుకునే నాకు లారీలు తిరగని రోజు పని లేదు. గదిలో కూర్చోబోయాను, లేచాను, కిటికీ తీశాను, మూశాను. చివరికి కొమ్ముచెంబును పాత పంచెలో చుట్టి సంచిలో పెట్టుకొని మెట్లు దిగాను.

మా ఇంటి ఓనరు సుబ్బారావుగారిది గుడివాడ వైపు. బ్యాంకులో చేసి రిటైరయ్యారు. గేటు దగ్గర కుర్చీ వేసుకొని ఖాళీ రోడ్డును చూస్తున్నారు.

"ఈ ఎండలో ఎక్కడికండీ?"

"అబ్దుల్లాపూర్‌మెట్."

"నడిచే? రేపు పొద్దున్నే ఎవరి స్కూటరో చూసుకోవచ్చు కదండీ."

"స్కూటర్లు కూడా ఆపుతున్నారట."

ఆయన లోపలికి వెళ్ళి ఫ్రిజ్‌లోంచి నీళ్ళ సీసా తెచ్చారు. వద్దన్నాను. మా ఇంట్లో నీళ్ళు పోయడమే తెలుసు గానీ చంకలో పెట్టుకొని తిరగడం తెలియదన్నాను.

"మీ ఇంటి సంగతి నాకెందుకండీ, నేను మీ గొంతు సంగతి చెబుతున్నా," అన్నారాయన.

సీసా తీసుకోలేదు. తువ్వాలు మాత్రం వాళ్ళ తొట్టిలో ముంచి నెత్తిన వేసుకున్నాను. వీధి చివరికి చేరేసరికి అది ఆరిపోయింది.

గడ్డిఅన్నారం

నడవాలనుకునేవారికి ఒక మాట. వసంతం కదా అని ఆ ఎండను తక్కువగా చూడవద్దు. మే నెల ఎండకు మనిషి భయపడి ఇంట్లో ఉంటాడు. ఫాల్గుణమాసపు ఎండ చల్లటి పొద్దును చూపించి మనిషిని బయటికి పిలుస్తుంది, సగం దారికి వచ్చాక అతని పని పడుతుంది. చైతన్యపురి దాటేసరికి నా చొక్కా వీపుకు అంటుకుంది. షాపుల షట్టర్లన్నీ దించి ఉన్నాయి. సోడాబండి ఒక్కటీ లేదు.

పండ్ల మార్కెట్ ముందు లారీలు వరుసగా నిలిచిపోయి ఉన్నాయి. కొనేవాళ్ళు లేరు. ఒక లారీ నీడలో నల్గొండ రైతు ఒకాయన బత్తాయిల గుట్ట ముందు కూర్చొని, పోయేవాళ్ళను పిలిచి మరీ కాయలు ఇస్తున్నాడు. ఒకటి కోసి నాకు చాపాడు. ఎంత అని అడిగాను.

"పైసలు ఎవరడిగిండ్రు సార్? రేపటికి మురిగిపోతయి."

ఊరికే తీసుకోనని పది రూపాయల నోటు అతని గోనెపట్టా మీద పెట్టాను. అతనికి కోపం వచ్చింది. నోటు జేబులో పెట్టుకొని, "అయితే పది రూపాయల కాయలు తీస్కపో," అని నా సంచి లాక్కొని నింపాడు. చెంబు బోర్లా పడి, దాని కొమ్ము సంచిలోంచి బయటికి వచ్చింది. ఆ రోజు మార్కెట్లో పది రూపాయలకు బత్తాయిలు మోయలేనన్ని వచ్చాయని నా భుజం చెబుతుంది. రెండు అక్కడే నిలబడి తిన్నాను. ఎండలో బత్తాయి మంచిది, పులుపు నోటిని చాలాసేపు తడిగా ఉంచుతుంది. మిగతావాటి బరువు మాత్రం అడుగడుగునా తెలిసింది.

ఎల్బీనగర్ చౌరస్తా

నడిరోడ్డు మీద రాళ్ళ పొయ్యిలు పెట్టి అన్నం వండుతున్నారు. వంటావార్పు అంటారు దాన్ని. రోడ్లు ఆపడానికి ఆ రోజుల్లో అదొక పద్ధతి. ఒకవైపు డప్పులు, ఇంకోవైపు పప్పు ఉడుకుతున్న వాసన. చెవుల వెనక హోలీ రంగు వదలని పిల్లలు విస్తళ్ళు వేస్తున్నారు. చీర కొంగులు నడుముకు చుట్టుకున్న ఆడవాళ్ళు ప్లాస్టిక్ డ్రమ్ములోంచి మజ్జిగ పోస్తున్నారు.

నేరుగా వెళ్ళి చేయి చాపాను.

"వరుసల రా పెద్దాయనా," అంది పోస్తున్నామె.

వరుస పొడుగ్గా ఉంది. దాని చివరికి వెళ్ళి నిలబడ్డాను. ముందుకు కదలడం లేదు. వెనక ఎవరో తోస్తున్నారు. ఇంత పొడుగు మనిషిని, గ్లాసు మజ్జిగ కోసం మెడ చాచి నిలబడ్డానన్న ఆలోచన వచ్చింది. వరుసలోంచి బయటికి వచ్చి నడక సాగించాను. చింతలకుంట వైపు కాస్త దూరం పోయాక వెనక నుంచి పిలుపు.

"ఓ సార్, జర ఆగు."

ఖాకీ చొక్కా మనిషి, నలభై ఏళ్ళుంటాయి. రెండు చేతుల్లో రెండు మజ్జిగ గ్లాసులు పట్టుకొని, చిందకుండా వేగంగా వస్తున్నాడు. ఒకటి నాకిచ్చాడు.

"అలిగి పోతున్నవ్ గని, నీ మొకం ఎట్లున్నదో చూసుకున్నవా? తాగు."

తాగాను. అల్లం, కరివేపాకు, ఉప్పు కొంచెం ఎక్కువ. చెమటకు పోయిన ఉప్పు మళ్ళీ ఒంట్లోకి వచ్చినట్టు తెలిసింది. అతని పేరు యాదగిరి. ఆటో నడుపుతాడు. ఇల్లు అబ్దుల్లాపూర్‌మెట్‌లో.

"ఇయ్యాల ఆటో సుత బంద్‌ల ఉంది, నేను సుత," అన్నాడు. తర్వాత సంచిలోంచి కనిపిస్తున్న కొమ్మును చూశాడు. "చెంబు పట్టుకొని గింత దూరం ఎందుకొచ్చినవ్ సార్? దిల్‌సుఖ్‌నగర్‌ల జాగ దొరకలేదా?"

పక్కన నడుస్తున్న ఇద్దరు ముగ్గురు గట్టిగా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మొక్కు ఉందని మాత్రం చెప్పి, కొమ్మును లోపలికి తోశాను. మొక్కు అనగానే అతను నవ్వు ఆపి, సంచి ఒక చెవి తను పట్టుకున్నాడు. బరువు సగమైంది.

వనస్థలిపురం దాటాక జింకల పార్కు గోడ వెంబడి చెట్ల నీడ దొరుకుతుంది. సాయంత్రం తూర్పుకు నడిచేవారికి ఎండ వీపు మీద ఉంటుంది కాబట్టి తల వెనక, మెడ మీద గుడ్డ ఉండాలి. యాదగిరి సీసాలోంచి నాలుగడుగులకోసారి గుక్కెడు నోట్లో పోసుకొని, పుక్కిట పట్టి, మెల్లగా మింగుతున్నాడు. నాకూ ఇస్తున్నాడు. అతను కబుర్లు చెబుతున్నంతసేపూ నేను ఎదురుగా వచ్చే కిలోమీటరు రాళ్ళను చూస్తున్నాను. రేపు పొద్దున చేరతామా? ఎంత పొద్దున? మల్లమ్మకు ముందుగా చెప్పాలా? చెబితే, రాలేడేమో అనుకుంటుందా?

హయత్‌నగర్

చీకటి పడకముందే హయత్‌నగర్ చేరాం. అక్కడ యాదగిరి అక్క లక్ష్మి ఇల్లుంది. పడుకొని పొద్దుగాల పోదామన్నాడు. పరాయి ఇంట్లో ఉండడం నాకు అలవాటు లేదు. కానీ కుడికాలు మడమ పొక్కింది, చెప్పు పెట్టుకుంటే మంట.

లక్ష్మి అన్నం, పచ్చిపులుసు పెట్టింది. ఈ కాలంలో మా ఓనరుగారింట్లో మజ్జిగ పులుసు పొయ్యెక్కుతుంది. పచ్చిపులుసుకు పొయ్యితో పనే లేదు. చింతపండు పిసికిన చల్లని నీళ్ళు, పచ్చి ఉల్లిగడ్డ, కాల్చిన మిరపకాయ, ఉప్పు. ఎండలో నడిచి వచ్చిన నోటికి అంతకంటే హితమైనది నాకు తెలియదు. మూడుసార్లు పోయించుకున్నాను, అడగకుండానే పోసింది కాబట్టి.

"పొద్దుగాల ఎండ పొడవకముందు అంబలి తాగి పోండ్రి అన్నా," అంది. "జేబుల ఉల్లిగడ్డ పెట్టుకో. వడ తగలదు."

సరేనన్నాను, పొద్దు పొడిచాక మొక్కు తీరేదాకా మంచినీళ్ళు కూడా ముట్టనని చెప్పాను. డాబా మీద పడుకున్నాను గానీ నిద్ర నిలవలేదు.

తెల్లవారకముందే లక్ష్మి జొన్న అంబలి మజ్జిగతో కలిపి గిన్నెలో పెట్టింది. పొద్దు పొడిచేలోగా తాగితే మధ్యాహ్నం దాకా ఒంటికి ఆధారం. కానీ స్నానం చేయకుండా మా ఇంట్లో ఎవరమూ ఏదీ నోట పెట్టం. ఆ ఇంట్లో మూడు వాటాల వాళ్ళకు స్నానాల గది ఒకటే. నా ముందు ఒక ముసలామె వెళ్ళింది, తర్వాత బడిపిల్లలు ఇద్దరు. నేను తల తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి ఎదురింటి నీళ్ళ ట్యాంకు మీద ఎండ పడింది. గిన్నె చేతిలోకి తీసుకొని, మళ్ళీ అరుగు మీద పెట్టాను.

"ఒక్క నిమిషం అటో ఇటో అయితే దేవుడు చూస్తడా?" అన్నాడు యాదగిరి.

"నేను చూశాను," అన్నాను.

అతను నా వాటా అంబలి కూడా తాగి మూతి తుడుచుకున్నాడు. లక్ష్మి నా చొక్కా జేబులో ఉల్లిగడ్డ పెట్టింది.

పెద్ద అంబర్‌పేట

పొద్దున తూర్పుకు నడిచేవాడికి ఎండ ముఖం మీదే. కళ్ళు చికిలించుకొని నడిచాం. వేపచెట్లు కొత్త చిగుళ్ళతో నిగనిగలాడుతున్నాయి, వాటికి నీడ ఇంకా సరిగా రాలేదు. ఔటర్ రింగురోడ్డు దగ్గరికి వచ్చేసరికి నాలుక అంగిట్లో అతుక్కుంది. మాట తడబడుతోంది. యాదగిరి బోరింగు కనిపించిన చోటల్లా ఆగి తువ్వాలు తడుపుకుంటున్నాడు. ఒక చోట నా నెత్తి మీద సీసా వంచబోయాడు. వెనక్కి జరిగాను.

"తాగొద్దన్నరు గని తడువొద్దన్నరా?" అన్నాడు.

ఆలోచించాను. మా తాత చెప్పినదాంట్లో తడవడం గురించి ఏమీ లేదు. తల వంచాను. నీళ్ళు మెడ మీదుగా వీపులోకి జారాయి. చేతుల మణికట్లు, మోచేతుల మడతలు తడుపుకోమన్నాడు. తడుపుకున్నాను. నిజంగానే తల తేలికైంది. తాగలేని స్థితిలో కూడా ఒంటిని చల్లగా ఉంచుకోవచ్చని అక్కడ నేర్చుకున్నాను. కానీ అది ఎంతోసేపు నిలవదు, గొంతు ఒప్పుకోదు.

మడమ మంట భరించలేక చెప్పులు విప్పి చేత పట్టుకున్నాను. తారు కాలుతోంది. పక్కన మట్టి మీద నడిచాను. అప్పుడు ఎదురుగా ముగ్గురు వస్తూ కనిపించారు. ఒక ముసలాయన, ఆయన కూతురు, ఆమె భుజం మీద వాడిపోయిన పసిపిల్ల. దవాఖానకు పోతున్నారు, బస్సు లేక నడిచి. కూతురు మమ్మల్ని చూడగానే నీళ్ళున్నాయా అని అడిగింది. యాదగిరి సీసాలో అడుగున ఉన్నవి పిల్ల నోట్లో పోసింది.

"దారిల చలివేంద్రం ఉన్నది గద," అన్నాడు యాదగిరి.

ముసలాయన ఉమ్మబోయి, నోట్లో తడి లేక ఊరుకున్నాడు. "ఉన్నది. కడవల నిండ నీళ్ళున్నయి. మూతలు తియ్యదు గా ముసల్ది. దొర వచ్చి పొయ్యాలెనట. ఎవడో దొర. గీ కాలంల సుత."

"నేను బతిమాలిన," అంది కూతురు. "ఆమె కండ్లల్ల నీళ్ళు తెచ్చుకున్నది గని మూత తియ్యలే. మా తోని వచ్చినోళ్ళు తిట్టిపోయిండ్రు."

నేను సంచి దించి బత్తాయిలు తీశాను. గోళ్ళతో ఒలిచి ఇచ్చాను. ఒక్కో తొన తీసి పిల్ల పెదవుల మీద పిండింది తల్లి. మిగతావన్నీ ముసలాయన కండువాలో పోశాను. ఆయన నాకు దండం పెట్టి వెళ్ళిపోయాడు, నేను ఎవరో తెలియక.

ఖాళీ అయిన సంచిలో చెంబు ఒక్కటే మిగిలింది. యాదగిరి దాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"గా దొర నువ్వేనా?"

అవునన్నాను.

"మా తాత మీ గడీ ముందల చెప్పులు చేత పట్టుకొని నడిచేటోడట," అన్నాడు. అతని చూపు నా చేతిలోని చెప్పుల మీద ఆగింది. నేను వాటిని కింద పడేసి కాళ్ళకు తొడుక్కున్నాను. మడమ మంట నెత్తికి ఎక్కింది.

అక్కడే నిలబడి ఫోన్ తీశాను. మల్లమ్మ కోడలు ఎత్తింది. "అత్తమ్మా, చిన్నదొర," అని ఆమె పిలవడం వినిపించింది. యాభై దాటినా ఆ ఊళ్ళో నేను చిన్నదొరనే.

"యాడున్నరు దొరా?"

"పెద్ద అంబర్‌పేట దాటుతున్న. మల్లమ్మా, కడవలు తెరువు."

"మీరు రాకుంట ఎట్ల తెరుస్త?"

"నువ్వే పొయ్యి."

"మా ఇంట్ల ఎవ్వరు పొయ్యలే దొరా. మోసినం గని పొయ్యలే."

"ఇప్పుడు పొయ్యి. కాలినడకన ఎవరొస్తే వాళ్ళకు."

"చెంబు మీ తాన్నే ఉన్నది."

"ముంతతో పొయ్యి."

"ఉత్తగ అంటున్నరా, మనసుతోని అంటున్నరా?"

"పొయ్యి మల్లమ్మా," అని పెట్టేశాను.

అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక

మాట ఇచ్చేశాను, ఇక నెమ్మదిగా పోవచ్చు. కానీ కాళ్ళు వినలేదు. ముందుకంటే వేగంగా నడిచాను. రోడ్డు మీద ముందు ఎవరైనా నడుస్తున్నారా అని చూశాను. వెనక్కి తిరిగి చూశాను. ఎవరి తలైనా కనిపిస్తే నాకంటే ముందు చేరతాడేమోనని అడుగు పెంచేవాణ్ణి, ఆ మనిషి ఏ సందులోకో మళ్ళగానే తగ్గించేవాణ్ణి. యాదగిరి నా పక్కన రావడానికి అప్పుడప్పుడు పరుగెత్తాల్సి వచ్చింది.

అతని ఇంటి మలుపు వచ్చింది. బోరింగు దగ్గర తువ్వాలు తడిపి, పిండకుండా నా నెత్తిన వేశాడు.

"గా నీళ్ళు నేను సుత తాగొచ్చునా?" అని అడిగాడు.

"ఎవరైనా తాగొచ్చు."

"సూస్త తియ్," అని సందులోకి వెళ్ళిపోయాడు.

మిగిలిన దూరం ఒక్కణ్ణే నడిచాను. రోడ్డుకు అడ్డంగా ఎవరో పేర్చిన రాళ్ళు, కాలిన టైరు మచ్చ, మనిషి లేడు. మోదుగులు రాల్చిన పూలు మట్టి మీద ఎండుతున్నాయి. రేకుల కప్పు కనిపించింది. దాని ముందు మల్లమ్మ చేతిలో ముంత పట్టుకొని నిలబడి ఉంది. కడవల మీద మూతలు అలాగే ఉన్నాయి.

"మీరు ఫోన్ పెట్టినంక ఒక్కరు సుత రాలే దొరా," అంది.

నా ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టయింది. హక్కు ఇంకా నాదే. పంచె విప్పి చెంబు తీశాను. నిటారుగా నిలబడి రోడ్డుకు రెండువైపులా చూశాను, నడిచి వచ్చేవాడి కోసం. ఎండలో రోడ్డు నీళ్ళున్నట్టు మెరుస్తోంది. ఎవరూ లేరు. మల్లమ్మ మాత్రం రోడ్డును చూడటం లేదు. నా కాళ్ళను చూస్తోంది.

"నడిసే వచ్చిండ్రా?"

"దిల్‌సుఖ్‌నగర్ నుంచి."

"నడుమ బండి ఎక్కలే?"

"ఎక్కలే."

ఆమె ముంత పక్కన పెట్టి, నా చేతిలోంచి చెంబు తీసుకుంది. మూత తీసి కడవలో ముంచింది. ఏం చేయబోతుందో అప్పుడు అర్థమైంది.

"నాకు కాదు మల్లమ్మా. ఊరివాడికి పోయకూడదు."

ఆమె నా ముఖంలోకి చూసింది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. "ఈడ మీకు ఇల్లు ఏడున్నది దొరా?"

ప్లాట్ల రాళ్ళ మధ్య గాలి వీచింది.

"వంగుండ్రి," అంది.

కొమ్ముచెంబు నీళ్ళు నిటారుగా నిలబడి తాగడానికి రావు. నడుము వంచాలి, దోసిలి నోటికి ఆనించాలి. పోసేవాళ్ళ ముఖం కనిపించదు, పాదాలు కనిపిస్తాయి. ఇన్నేళ్ళు పోసినవాణ్ణి, ఈ సంగతి నాకు తెలియదు. నీళ్ళు కొత్త కడవ వాసన వేశాయి. మోచేతుల వెంట కారాయి. ఎంతసేపు తాగినా ధార సన్నబడలేదు. నేను చేయి ఎత్తిన తర్వాతే ఆగింది.

తల ఎత్తి చూశాను. మల్లమ్మ పెదవులు ఎండి, పొరలు లేచి ఉన్నాయి.

"నువ్వు తాగలేదా?"

"పొద్దు పొడిచినప్పటి సంది లే దొరా. పోసెటోళ్ళు తాగొద్దు గదా."

"నేను ఫోన్ చేసింది ఇందాకే."

"ఏటేటా ఉంట. మీరు ఒస్తరో రారో ఏమెరుక? రాకుంటె ఎవరో ఒకరు పొయ్యాలె గదా."

చౌటుప్పల్ వైపు నుంచి రోడ్డు మీద మనుషులు వస్తున్నారు, తలల మీద మూటలతో, నడిచి. మల్లమ్మ వాళ్ళను చూసి, చెంబు ముంచి నా వైపు చాపింది. ముందు నువ్వు తాగు అన్నాను. ఆమె కొంగు దోపుకొని, వంగి, దోసిలి పట్టింది.

నా దాహం అప్పటికే తీరిపోయింది. ధార సన్నబడకుండా చెంబును రెండు చేతులతో పట్టుకున్నాను.